ఎర్ర చుక్క ఆరిపోతే...

పల్లెటూళ్లో పెరిగినవాళ్లకి బ్యాటరీ సెల్లు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ట్రాన్సిస్టర్ గొంతు బొంగురుపోతే వెనక మూత తీసి, సెల్లులు బయటికి లాగి, పిట్టగోడ మీద వరసగా ఎండలో పెట్టేవాళ్లు. సాయంత్రం మళ్లీ వేస్తే ప్రాంతీయ వార్తలు అయ్యేదాకా ఎలాగోలా పలికేది. రాత్రిపూట పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతు టార్చిలైటును అవసరానికి మించి ఒక్క క్షణం కూడా వెలగనిచ్చేవాడు కాదు. గట్టు మీద కాళ్ల దగ్గర ఏదో సరసరమన్నప్పుడు అది వెలగాలి. మిగతా రాత్రంతా చీకట్లో నడవడానికి అతనికేం అభ్యంతరం లేదు.

రైఫిళ్ల మీద బిగించే 'రెడ్ డాట్ సైట్' తయారీదారులు యాభై ఏళ్లుగా పడుతున్న తిప్పలన్నీ సరిగ్గా అలాంటి క్షణం కోసమే. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉండే ఈ గురి పరికరం ఖరీదు వందల డాలర్లు. దాని ప్రాణం మాత్రం ఇంచుమించు మన రూపాయి బిళ్లంత ఉండే ఒక బ్యాటరీలో ఉంటుంది. ఆ బిళ్ల ఒక తెలుగు కుటుంబాన్ని ఆదివారం పూట ఆస్పత్రికి పరుగెత్తించింది కూడా!

పందులతో వచ్చిన పని

ఆయనది పల్నాడు. కంప్యూటర్ చదువు చేతపట్టుకుని అమెరికా వెళ్లి, ఏళ్లకి ఏళ్లు వీసాల లెక్కలు చూసుకుని, చివరికి గ్రీన్ కార్డు సంపాదించి టెక్సస్‌లో స్థిరపడ్డాడు. నలభైకి చేరువైన వయసు. తుపాకుల మీద మోజేం లేదు. కానీ ఊరికి గంట దూరంలో ఒక మిత్రుడికి పొలం ఉంది. ఆ పొలానికి పందుల బెడద ఉంది.

అక్కడి అడవి పందులు మన మొక్కజొన్న చేలల్లో పడేవాటికి ఏమాత్రం తీసిపోవు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఓడల్లో తెచ్చిన పెంపుడు పందులు అడవి పట్టాయి. తర్వాతెప్పుడో వేట సరదా కోసం యూరప్ నుంచి తెచ్చిన అడవి పందులు వాటితో కలిశాయి. ఆ సంతతి ఇప్పుడు లక్షల్లో ఉంది. ఒక్క రాత్రిలో పొలాన్ని ట్రాక్టర్ దున్నినట్టు కుళ్లగించి పోతాయి. ఆ బాధ పడలేకే టెక్సస్ ప్రభుత్వం 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూముల్లో, యజమాని అనుమతి ఉంటే, వీటిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అవసరం లేదంది.

అలా మిత్రుడి వెంట వెళ్లడం మొదలుపెట్టి, ఒక రైఫిల్ కొన్నాడు. ఇంట్లో పిల్ల ఉంది కాబట్టి దాంతోపాటే ఇనప బీరువా కూడా. పందులు వచ్చేది మునిమాపు వేళ, లేదంటే తెల్లవారుజామున. వెలుతురు చాలదు. పైగా ఆయనకి చత్వారం మొదలైంది. దుకాణంలో అదే మాట చెబితే రెడ్ డాట్ సైట్ చేతిలో పెట్టారు.

చుక్క ఎవరికి కనిపిస్తుంది?

ఎర్ర చుక్క అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. విలన్ నుదుటి మీదకి ఎక్కడినుంచో ఎర్రటి చుక్క వచ్చి వాలుతుంది, వాడు ఉలిక్కిపడతాడు. అది లేజర్. దీనికీ దానికీ సంబంధం లేదు. రెడ్ డాట్ సైట్‌లో వెనకవైపు సన్నటి ఎల్ఈడీ దీపం ఉంటుంది. దాని వెలుగు ముందున్న గాజుబిళ్ల మీద పడుతుంది. ఆ గాజుకి పూసిన పూత ఎర్ర వెలుగును మాత్రం వెనక్కి, చూసేవాడి కంట్లోకి పంపి, మిగతా దృశ్యాన్ని ముందునుంచి రానిస్తుంది. అంటే చుక్క గాజులోనే ఉన్నా, దూరంగా ఉన్న లక్ష్యం మీద ఆనినట్టు కనిపిస్తుంది. ఎదుటివాడి మీద ఏ వెలుగూ పడదు.

మామూలు తుపాకీ మీద గురి చూడాలంటే వెనకనున్న గాడి, గొట్టం చివరనున్న ముల్లు, అవతలి లక్ష్యం... మూడూ ఒకే గీతలోకి రావాలి. మనిషి కన్ను ఏదో ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. ముల్లు స్పష్టంగా ఉంటే పంది మసక, పంది కనిపిస్తే ముల్లు మసక. చత్వారం ఉన్నవాళ్లకి ఇక చెప్పేదేముంది! రెడ్ డాట్‌తో ఆ పేచీ లేదు. రెండు కళ్లూ తెరిచి లక్ష్యాన్ని చూస్తే చాలు. చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి. (ఒలింపిక్స్‌లో మాత్రం ఈ సుఖం లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో బ్యాటరీ చుక్కలకు చోటు లేదు. సన్నటి చిల్లులోంచి కళ్లు చికిలించి చూడాల్సిందే.)

ఈ ఆలోచన కొత్తదేం కాదు. డబ్లిన్‌లో దుర్బిణులు తయారుచేసే హోవార్డ్ గ్రబ్ 1900లోనే ఇలాంటిదానికి పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల తుపాకులకి ఈ పద్ధతే వాడారు. విమానంలో కరెంటుకి కొదవ లేదు కాబట్టి సరిపోయింది. చేతిలో మోసుకెళ్లే రైఫిల్‌కి కరెంటు ఎక్కడినుంచి తేవాలి? 1970 నవంబరులో ఉత్తర వియత్నాంలోని సోన్ టే శిబిరం నుంచి తమ యుద్ధఖైదీలను విడిపించడానికి అమెరికా దళం రాత్రివేళ దాడిచేసింది. సాధనలో చీకట్లో గురి కుదరక వాళ్లు ఒక బ్రిటిష్ పరికరాన్ని తెప్పించుకున్నారు. దానికి బ్యాటరీయే లేదు. ముందు మూసుకుపోయిన గొట్టంలో ఒక కంటికి చుక్క మాత్రమే కనిపిస్తుంది, రెండో కన్ను లక్ష్యాన్ని చూస్తుంది, రెంటినీ కలిపే పని మెదడుది. దాని ధర యాభై డాలర్ల లోపే. ఖైదీలను అప్పటికే వేరే చోటికి తరలించేశారు కాబట్టి దాడి ఫలించలేదు. అది వేరే కథ.

గంటలు పోయి ఏళ్లొచ్చాయి

1975లో స్వీడన్‌కి చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ ఎల్ఈడీతో పనిచేసే మొదటి రెడ్ డాట్ సైట్‌ని బజారులోకి తెచ్చింది. వేటగాళ్లు సంబరపడ్డారు. సైన్యాలు మాత్రం అంత తొందరగా నమ్మలేదు. వాళ్లడిగిన ప్రశ్న ఒకటే. బ్యాటరీ అయిపోతే?

అమెరికా సైన్యం 1997లో ఎం68 పేరుతో ఈ సైట్‌ని తీసుకుంది. ఆ తర్వాత పోటీ అంతా చుక్కను ఇంకా మెరిపించడం మీద కాదు, అది తాగే కరెంటును తగ్గించడం మీద సాగింది. కాంప్ ఎం2 రకం ఒక బ్యాటరీతో 10,000 గంటలు వెలిగింది. తర్వాతి ఎం3 దాన్ని 50,000కు తీసుకెళ్లింది. 2007 నాటి కాంప్ ఎం4 అయితే మన గోడ గడియారంలో వేసే ఏఏ సెల్లు ఒక్కటి పెడితే 80,000 గంటలు. అదే ఏడాది వచ్చిన బుల్లి టి-1 రకం, కారు తాళంలో ఉండే సీఆర్2032 బిళ్లతోనే 50,000 గంటలు.

ఆ అంకెను కాస్త విప్పి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 50,000 గంటలంటే ఐదేళ్ల పైచిలుకు. ఆ బిళ్లలో ఉండే విద్యుత్తు ఇంచుమించు 220 మిల్లీ ఆంప్ అవర్లు. భాగించి చూడండి... 0.0044 మిల్లీ ఆంప్! ఏ స్టెబిలైజర్ మీదో వెలిగే చిన్న ఎర్ర దీపానికి 20 మిల్లీ ఆంప్‌లు కావాలనుకుంటే, అదే బిళ్ల దాన్ని పదకొండు గంటలకు మించి వెలిగించలేదు. తేడా నాలుగున్నర వేల రెట్లు. సూదిమొన అంత వెలుగు కాబట్టీ, ఆ వెలుగంతా ఒకే కంటికి చేరితే చాలు కాబట్టీ ఇది సాధ్యమైంది.

దీంతో సైనికుడి అలవాటే మారిపోయింది. స్విచ్చి ఆపడం మానేశాడు. కొన్న రోజున వేసింది, మళ్లీ సెల్లు మార్చేదాకా వెలుగుతూనే ఉంటుంది. ఆదమరిచి ఉన్నప్పుడు ప్రమాదం వస్తే స్విచ్చి వెతుక్కునే పని లేదు. టార్చిని పొదుపుగా వాడిన తరానికి ఇది వింతగానే ఉంటుంది.

అయితే ఈ అంకెల్ని బండి మైలేజీలాగే చూడాలి. కంపెనీ చెప్పేది మధ్యస్థ వెలుగుకు. మిట్టమధ్యాహ్నం ఎండలో చుక్క కనిపించాలంటే వెలుగు బాగా పెంచాలి. పెంచి మరిచిపోతే ఏళ్ల లెక్క కాస్తా నెలల్లోకి దిగుతుంది. ఎల్ఈడీకి బదులు లేజర్‌తో బొమ్మ గీసే హోలోగ్రాఫిక్ రకాలూ ఉన్నాయి. ఈవోటెక్ వారి ఎక్స్‌పీఎస్ అలాంటిదే. సీఆర్123 బ్యాటరీతో 600 గంటలు వస్తుంది. దాన్ని వెలిగించి వదిలేయడం కుదరదు, ఎనిమిది గంటలకి తనంతట తనే ఆరిపోతుంది. అసలు బ్యాటరీయే వద్దనుకునేవాళ్లకి ట్రిటియం వాయువుతో వెలిగేవి ఉన్నాయి. కానీ ట్రిటియం సగం కాలం 12.3 ఏళ్లు. పన్నెండేళ్లు దాటేసరికి వెలుగు సగమవుతుంది, దాన్ని ఇంట్లో మార్చుకోలేం.

మార్చే వేళ

బ్యాటరీ ఎంతకాలం వస్తుందన్నదానికంటే, ఎప్పుడు మారుస్తామన్నది పెద్ద విషయం. దీనికి రక్తంతో రాసిన ఉదాహరణ ఒకటుంది. అది సైట్ కాదు, అఫ్గానిస్థాన్‌లో వాడిన జీపీఎస్ పరికరం. 2001 డిసెంబరు 5న కాందహార్‌కు ఉత్తరాన అమెరికా దళం ఒకటి తాలిబన్ స్థావరం మీద బాంబు వేయించడానికి గుర్తులు లెక్కగట్టింది. అంతలో పరికరంలో బ్యాటరీ మార్చారు. మళ్లీ వెలిగిన పరికరం లక్ష్యం గుర్తులకు బదులు తానున్న చోటి గుర్తులనే చూపించింది. అవే పైకి వెళ్లాయి. బీ-52 విమానం వదిలిన దాదాపు 900 కిలోల బాంబు సొంతవాళ్ల మధ్యే పడింది. ముగ్గురు అమెరికా సైనికులు, వాళ్లతో ఉన్న అఫ్గాన్ యోధులు చనిపోయారు. పక్కనే ఉన్న హమీద్ కర్జాయ్ చిన్న గాయంతో బయటపడ్డారు. అఫ్గానిస్థాన్ తాత్కాలిక ప్రభుత్వానికి ఆయన్ని నాయకుడిగా బాన్‌లో ప్రకటించింది ఆ రోజే.

పని మధ్యలో మార్చే సెల్లు ఎంత పని చేస్తుందో అనుభవజ్ఞులకు తెలుసు. అందుకే ఆరిపోయేదాకా ఆగరు. పుట్టినరోజుకో, కొత్త సంవత్సరానికో బాగున్న సెల్లునే తీసి కొత్తది వేస్తారు. కొన్ని బుల్లి సైట్లలో బ్యాటరీ గది అడుగున ఉంటుంది. సెల్లు మార్చాలంటే సైట్‌ని తుపాకీ నుంచి విప్పాలి, బిగించాక గురి మళ్లీ సరిచూసుకోవాలి. మూత పక్కనో పైనో ఉన్నవాటికి ఆ బెడద లేదు. కొనేటప్పుడు రంగూ రూపూ చూసేవాళ్లు ఈ మూత ఎక్కడుందో చూస్తే మంచిది.

ఇక ఏ సెల్లు? పైకి ఒకేలా కనిపించే ఏఏ సెల్లుల్లో మామూలు ఆల్కలైన్‌ది నీటితో కలిపిన రసాయనం. గడ్డకట్టే చలిలో నీరసపడుతుంది. మరిచిపోయి ఏళ్లతరబడి వదిలేస్తే కారుతుంది. ఆ కారిన క్షారం లోపలి రాగిని తినేస్తుంది. రిమోట్ మూత తీసినప్పుడు కనిపించే తెల్ల పొడి అదే. లిథియం ఏఏ ఖరీదెక్కువ, కానీ తేలిక. సున్నాకి దిగువ 40 డిగ్రీల చలిలోనూ పనిచేస్తుంది. సీఆర్2032 కూడా లిథియందే. పేరులోనే కొలతలున్నాయి, అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. ఏదైనా సరే, తుపాకీ పేలినప్పుడల్లా వెనక్కి తన్నే దెబ్బను ఓర్చుకోవాలి. బ్యాటరీకీ స్ప్రింగుకీ మధ్య వెంట్రుకవాసి ఎడమొస్తే చాలు, చుక్క మిణుకుమంటుంది. గాజు పగిలి పాడైన సైట్ ఎవరికైనా కనిపిస్తుంది. అదురుకి వదులైన స్ప్రింగు మాత్రం ఎవరికీ కనిపించదు.

చేదు పూత

మన పల్నాటి ఇంజినీరుకి సరిగ్గా అదే అయింది. జనవరిలో ఒక తెల్లవారుజామున, మంచు పేరుకున్న పొలంలో, పందుల గుంపు అరవై గజాల్లోకి వచ్చింది. తుపాకీ ఎత్తేసరికి చుక్క మిణుక్కుమంది. తట్టాడు, వెలిగింది. ఒక గుండు కాల్చాడు, ఆరిపోయింది. పంది దెబ్బతిన్నదో లేదో తెలియదు. దెబ్బతిన్న పందిని చీకట్లో వెతకడమంత ప్రమాదం ఇంకోటి లేదంటారు వేటగాళ్లు. మిత్రుడూ ఆయనా బాగా తెల్లారేదాకా బండి దిగలేదు. వెతికితే రక్తపు చుక్క కూడా కనిపించలేదు.

సైట్ పాడైందనుకున్నాడు. తీరా చూస్తే సెల్లు కొత్తదే, వారం కిందట సూపర్‌మార్కెట్‌లో కొన్నదే. సంగతేమిటంటే దానిమీద చేదు పూత ఉంది. పిల్లలు నోట్లో పెట్టుకోగానే ఉమ్మేయాలని కొన్ని కంపెనీలు సీఆర్2032 బిళ్లలకి చేదు మందు పూస్తాయి. చాలా మంచి పని. కాకపోతే ఆ పూత పడిన చోటే పరికరంలోని స్ప్రింగు ఆనితే కరెంటు సరిగ్గా అందదు. యాపిల్ సంస్థ తన ఎయిర్‌ట్యాగ్‌కి ఇలాంటి బ్యాటరీలు పనిచేయకపోవచ్చని చెప్పేసింది కూడా. బీరువా తాళానికీ తూకం మిషన్‌కీ ఫర్వాలేదు, తెల్లవారుజామున పొలంలో మాత్రం కొంప ముంచుతుంది.

వచ్చే ఆదివారం ఆయన పూత లేని బిళ్లల ప్యాకెట్ తెచ్చాడు. సైట్‌ని విప్పి వంటింటి బల్ల మీద పెట్టుకున్నాడు. పాతది తీశాడు, కొత్తది వేశాడు, చుక్క నిలకడగా వెలిగింది. సంక్రాంతికి ఊరినుంచి వచ్చిన తండ్రి పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

''ఏందిరా, ఈ బిళ్లేనా అంత తుపాకీని ఆపింది?''

''అదే నాన్నా. పోయింది, పారేయాలి.''

అంతలో ఫోనొచ్చింది. సైట్‌ని బీరువాలో పెట్టి, మాట్లాడి తిరిగొచ్చేసరికి బల్ల మీద పాత బిళ్ల లేదు. బల్ల కింద పద్నాలుగు నెలల పాప నోరు కదుపుతూ కూర్చుని ఉంది.

రెండు గంటల గడువు

ఇరవై మిల్లీమీటర్ల బిళ్ల పసిపిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి సరిగ్గా సరిపోయే కొలత. ఇరుక్కున్న చోట తడి తగిలి కరెంటు ప్రవహిస్తుంది. బ్యాటరీ లోపలిదేదో కారక్కర్లేదు. ఆ కరెంటే ఒంట్లోని నీటిని ఘాటైన క్షారంగా మార్చి లోపలి పొరను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. పరికరానికి చాలని 'చచ్చిన' సెల్లు కూడా ఈ పనికి చాలు. ఇలాంటి మరణాల తర్వాతే అమెరికా 2022లో చట్టం చేసింది. బిళ్ల బ్యాటరీ ఉన్న వస్తువుల మూతలు పిల్లలు తీయలేనట్టు ఉండాలి, హెచ్చరికలు ముద్రించాలి.

తల్లి పాప నోట్లో వేలు పెట్టి చూసింది. బిస్కెట్ ముక్క దొరికింది. కానీ బిళ్ల ఏదీ? ఎవరూ వెతుకుతూ కూర్చోలేదు, అది మంచిదైంది. వాంతి చేయించే ప్రయత్నమూ చేయలేదు. కారెక్కేముందు పాయిజన్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, పాపకి ఏడాది దాటింది కాబట్టి దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పట్టమని, దానికోసం ఆగొద్దని చెప్పారు. తేనె గాయం తీవ్రతను కాస్త తగ్గిస్తుంది. ఏడాదిలోపు పిల్లలకి మాత్రం పట్టకూడదు.

ఆస్పత్రిలో ముందు ఎక్స్-రే. నాణెం అయితే ఒకే వలయం, బ్యాటరీ అయితే అంచున రెండు వలయాలు కనిపిస్తాయట. పాప గొంతునుంచి పొట్టదాకా ఎక్కడా ఏ వలయమూ లేదు. ఆ మాట విన్నాక తల్లి అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చింది.

పెద్దాయన ఏమీ మాట్లాడకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుందామని జేబులో చెయ్యిపెట్టాడు. చేతిరుమాలుతోపాటు ఏదో నేలమీద పడి టంగుమంది.

''ఇది... పారేస్తానన్నావు కదరా. కాసేపు ఎండలో పెడదామని...'' ఆ తర్వాత మాట రాలేదాయనకి.

కొడుకు తిట్టలేదు. పాత కార్బన్ సెల్లు ఎండ వేడికి కాస్త తేరుకునే మాట నిజమే. లిథియం బిళ్లకి ఎండ తగిలితే వచ్చేదేం లేదు, చెడేదే. పల్నాడులో నలభై ఏళ్లు సెల్లులు ఆరబెట్టిన మనిషికి ఆ తేడా ఎవరు చెప్పారు గనక! బల్ల మీద బిళ్లను వదిలి ఫోన్‌కి లేచింది తనే కదా అన్న సంగతి ఆ ఇంజినీరుకి కారు నడుపుతున్నంతసేపూ గుర్తొస్తూనే ఉంది.

ఇప్పుడు వాళ్లింట్లో పద్ధతి మారింది. సైట్‌లో సెల్లు ఏటా సంక్రాంతికి మారుతుంది, ఆరిపోయినా ఆరిపోకపోయినా. ఆ పని వంటింట్లో కాదు, గ్యారేజీలో తలుపు వేసుకుని. పూత లేని బిళ్లలు తుపాకీతోపాటే బీరువాలో ఉంటాయి. ఇంట్లో తూకం మిషన్‌కి, రిమోట్లకి చేదు పూత ఉన్నవే. తీసిన పాతదానికి అప్పటికప్పుడే రెండువైపులా టేపు చుట్టి, తాళం వేసిన డబ్బాలో పడేసి, రీసైక్లింగ్‌కి ఇచ్చేస్తారు. తుపాకీ మీద చుక్కతో పనిలేని గాడీ ముల్లూ కూడా బిగించుకున్నాడు, చత్వారం కళ్లకి అవి మసగ్గా కనిపించినా.

ఫిబ్రవరిలో మరోసారి పొలానికి వెళ్లాడు. చలి అలాగే ఉంది. చుక్క కదలకుండా నిలిచింది. ఆ రోజు పందులు రాలేదు.

మార్చిలో పెద్దాయన తిరుగు ప్రయాణం. పెట్టెలు సర్దడం అయింది, కారు వాకిట్లో ఉంది. పాపని చంకనేసుకుని గుమ్మం దాకా వచ్చిన కోడలు నవ్వాపుకుంటూ అడిగింది.

''మామయ్యా, ఒక్కసారి జేబులు చూసుకోండి.''